ఓడ యెక్కుటకు ముందు: రెండు విహారనౌకల తారతమ్యము

యాత్ర యనగానే ఇంటిల్లిపాదికిని ఉత్సాహము కలుగును. కాని మూటలు కట్టునది యెవరు? దారిలో పిల్లలకు ఆకలి యైనప్పుడు వెదకులాడునది యెవరు? దిగిన చోట అత్తగారికి వేడినీళ్లు, మామగారికి వేళకు మందులు చూచునది యెవరు? ఇంట నెవరు చేయుచున్నారో బయటను వారే చేయుచున్నారు. తక్కినవారికి విశ్రాంతి, గృహిణికి మాత్రము పని చోటు మారుట. ఈ సంగతి మన సోదరీమణు లందరును ఎరిగినదే.

ఓడ విహారముపై ఈ మధ్య మన కుటుంబములలో ఇంత మోజు కలుగుటకు ముఖ్యకారణము ఇదియే యని మాకు తోచుచున్నది. ఒకసారి పెట్టె విప్పి బట్టలు సర్దుకొన్నచో మరల దిగువరకు కట్టనక్కరలేదు. పడక, భోజనము, స్నానము అన్నియు మనతోనే కదలివచ్చును. వంట లేదు, అంట్లు లేవు. ఇట్టి సౌఖ్యము నిజముగా లభించునా, లేక ప్రకటనలోని బొమ్మగానే మిగులునా అన్నది మన మెన్నుకొను ఓడను బట్టి యుండును. ఇది ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతోడి వ్యవహారము. అందుచేత మనవారు తరచుగా పోల్చి చూచుకొనుచున్న రెండు నౌకలను గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము. మొదటిది మన దేశపు రేవులనుండి బయలుదేరు 'ఎంప్రెస్'. రెండవది సింగపూరు నుండి బయలుదేరు 'జెంటింగ్ డ్రీమ్'.

రెండు నౌకల పూర్వోత్తరములు

ఎంప్రెస్ 1990లో ఫ్రాన్సు దేశమున నిర్మింపబడినది. అప్పటి పేరు 'నార్డిక్ ఎంప్రెస్'. అమెరికాలోని మయామీ నుండి బహామా దీవులకు మూడు, నాలుగు రాత్రుల చిన్న ప్రయాణముల కొరకే దానిని రూపొందించిరి. పిమ్మట పేర్లు మారి, చేతులు మారి, 2021 సెప్టెంబరులో కార్డీలియా క్రూయిజెస్ అను కంపెనీ పేర ముంబయి నుండి యాత్రలు ప్రారంభించినది. 2022 జూనులో విశాఖపట్టణమునకు వచ్చి, అచ్చటినుండి పుదుచ్చేరి, చెన్నై రేవులకు మనవారిని తీసికొనిపోయినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవునందు విహారనౌకల ప్రయాణికుల కొరకు ప్రత్యేకముగా ఒక భవనము కూడ ప్రారంభింపబడినది. తెలుగువారికి ఈ యోడ పరిచితమగుటకు ఇదియే కారణము.

జెంటింగ్ డ్రీమ్ 2016లో జర్మనీలోని పాపెన్‌బర్గు నందు తయారైనది. దాని ప్రక్కల మీద మత్స్యకన్యయు, వ్యోమగామియు గల పెద్ద చిత్రము దూరమునుండియే కనబడును. మొదట దానిని నడిపిన సంస్థ కోవిడు కాలపు నష్టములచే 2022లో మూతబడగా, రిసార్ట్స్ వరల్డ్ క్రూయిజెస్ అను క్రొత్త సంస్థ క్రింద అదే సంవత్సరము జూనులో సింగపూరు నుండి మరల తిరుగనారంభించినది. మలేషియాలోని పెనాంగు, పోర్టు క్లాంగు, థాయిలాండులోని ఫుకెట్టు మున్నగు రేవులకు అది పోవుచుండును.

ఒక నౌక కంటె మరియొకటి 26 ఏండ్లు చిన్నది. అంతమాత్రముచేత క్రొత్తది మంచిదనియు, పాతది చెడ్డదనియు తేల్చివేయరాదు. పాత పెంకుటిల్లు కొందరికి హాయి, క్రొత్త మేడ కొందరికి హాయి. మన అవసరములను బట్టి కొలిచి చూచుకొనవలెను.

చోటు

ఓడల పరిమాణమును టన్నులలో చెప్పుదురు. ఇది బరువు కాదు. ఓడ లోపలి చోటును కొలుచు లెక్క. ఎంప్రెస్ సుమారు 48,500 టన్నులు, పొడవు 692 అడుగులు. జెంటింగ్ డ్రీమ్ సుమారు 1,50,000 టన్నులు, పొడవు దాదాపు 1,100 అడుగులు. అనగా చోటులో రెండవది మొదటిదానికి మూడింతలు.

ఇచ్చట ఆగిపోక, ఎక్కువారి సంఖ్యను కూడ చూడవలెను. గదికి ఇద్దరు చొప్పున ఎంప్రెస్‌లో సుమారు 1,600 మంది, జెంటింగ్ డ్రీమ్‌లో సుమారు 3,350 మంది పట్టుదురు. టన్నులను మనుష్యులతో భాగించినచో ఎంప్రెస్‌లో ఒక్కొక్కరికి 30, జెంటింగ్ డ్రీమ్‌లో 45 వచ్చును. ఈ యంకె యెంత పెద్దదైన అంత ఒత్తిడి తక్కువ. లిఫ్టు వద్ద, భోజనశాల ముంగిట నిలువవలసిన కాలము తక్కువ. ఏ యోడనైనను ఈ చిన్న భాగహారముతో ఇంటనే పరీక్షింపవచ్చును. కాని బడి సెలవులలో గదికి ముగ్గురు, నలుగురు చేరుదురు గనుక అప్పుడీ యంకె తగ్గిపోవు నని మరువరాదు.

పెద్ద ఓడలోని చోటునకు వేరొక వెల గలదు. అది నడక. గదినుండి భోజనశాలకు, అచ్చటినుండి నాటకశాలకు పోవుటకు 1,100 అడుగుల ఓడలో మోకాళ్ల నొప్పులు గల వృద్ధులకు ఆయాసము కలుగును. చిన్న ఓడలో రెండు దినములకే దారులన్నియు పరిచయమగును. అత్తగారిని వెంటబెట్టుకొని పోవువారు లిఫ్టుకు దగ్గరగా నున్న గదిని ముందే అడిగి తీసికొనవలెను.

గది

పాత కట్టడము గనుక ఎంప్రెస్‌లో గదులు ఇరుకు. బాల్కనీ గల గదులు కొద్దిపాటివి. జెంటింగ్ డ్రీమ్‌లో పదింట ఏడు వంతుల గదులకు బాల్కనీ గలదు. కిటికీ లేని లోపలి గది రెంటిలోను తక్కువ వెలకు దొరకును. రాత్రి పండుకొనుటకు మాత్రమే పోవువారికి అది చాలును. కాని చంటిపిల్ల తల్లి మధ్యాహ్నము రెండు గంటలు గదిలోనే కూర్చుండవలసి వచ్చును. నాలుగు గోడల నడుమ పగలో రాత్రియో తెలియక కూర్చుండుట ఆమెకు విహారము కానేరదు. అట్టివారు తక్కిన ఖర్చులు తగ్గించుకొనియైనను వెలుతురు గల గది కోరుట మంచిది.

"గదికి నలుగురు" అని ప్రకటించినప్పుడు, ఆ నాలుగు పడకలు ఎట్లున్నవని అడుగవలెను. రెండు క్రింద నుండును. తక్కిన రెండు సాధారణముగా రైలుబండిలోని పై బెర్తులవలె గోడనుండియో పైకప్పునుండియో దింపబడును. నిచ్చెన యెక్కునది యెవరు? చీర కట్టుకొన్న తల్లియా, ఏడేండ్ల పిల్లయా? టిక్కెట్టు కొన్నప్పుడు ఈ ప్రశ్న యెవరికిని తోచదు. మొదటి రాత్రి అందరికిని తోచును.

సముద్రము, కాలము

జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనములచే అరేబియా సముద్రము అల్లకల్లోలముగా నుండును. బంగాళాఖాతమున మే నెలలోను, అక్టోబరు మొదలు డిసెంబరు వరకును తుపానుల భయ మెక్కువ. సింగపూరునకు, పెనాంగునకు నడుమనున్న మలక్కా జలసంధికి ఇరువైపుల భూమి యుండుటచేత నీరు చాలవరకు శాంతముగా నుండును. ఓడ చిన్నదైనకొలది ఊగుట ఎక్కువగా తెలియును. కడుపులో త్రిప్పెడి స్వభావము గలవారు ఏ యోడయందైనను నడిమి భాగమున, క్రింది అంతస్తులలో గది తీసికొనవలెను. పైఅంతస్తు, ముందు భాగము ఎక్కువగా ఊగును.

మరియొక విషయము. ఎంప్రెస్ లక్షద్వీపములకు పోవునప్పుడు ఒడ్డునకు చేరలేదు. దూరముగా లంగరు వేసి ప్రయాణికులను చిన్న పడవలలో తీసికొనిపోవుదురు. ఊగెడి పడవలోనికి దిగుట వృద్ధులకు కష్టము. సముద్రము పోటుగా నున్నచో దిగుటయే మానివేయుదురు. ఒడ్డునకు ఆనుకొని నిలుచు రేవులేవో, పడవలో పోవలసినవేవో ముందుగానే తెలిసికొనుడు.

పిల్లలు, భోజనము, పూజ

జెంటింగ్ డ్రీమ్‌లో నీటి జారుడుబల్లలు, త్రాళ్ల మీది ఆటలు మొదలగునవి పది, పదునైదేండ్ల పిల్లలకు పొద్దు తెలియనీయవు. ఎంప్రెస్‌లో అట్టి వినోదములు తక్కువ. మన భాషలు, మన పాటలు, మన జనము ఎక్కువ. శాకాహారులకు ఎంప్రెస్‌లో చింత లేదు. జైనులకు కూడ వేరుగా వండుదురు. జెంటింగ్ డ్రీమ్‌లోను శాకాహారము, భారతీయ వంటకములు దొరకును గాని, ఏ ఏ భోజనశాలలలో టిక్కెట్టు వెలలోనే పెట్టుదురో, వేనికి వేరుగా చెల్లింపవలెనో అడుగవలెను. ఆవకాయ జాడీ లోనికి రానిత్తురా యన్నది కూడ కంపెనీని అడిగి తెలిసికొనవలసినదే.

ఓడలలో అగ్నిభయము మిక్కుటము గనుక గదిలో దీపము, అగరువత్తులు వెలిగింపనీయరు; ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు పాత్ర తేనీయరు. నిత్యపూజ గల ఇండ్లవారు పుష్పముతో, ధ్యానముతో తృప్తి పడవలసియుండును. భోజనమునకు ముందు పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించుట మరువకుడు. వేలమంది యొక్కచోట భుజించుచోట వాంతులు, విరేచనములు త్వరగా ప్రాకును.

డబ్బు లెక్క

ప్రకటనలో "మూడు రాత్రులు" అని యుండును. మొదటి దినము మధ్యాహ్నము ఎక్కి, కడపటి దినము ఉదయమే దిగుదుము గనుక నిండుదినములు రెండే. ఈ లెక్క తెలియక చాలమంది నాలుగు దినముల సుఖము ఆశింతురు.

గృహిణులు జమాఖర్చుల పుస్తకములో ఒక పుట తీసి, రెండు వరుసలు గీయవలెను. ఒక్కొక్క ఓడకు టిక్కెట్టు వెల, రేవు రుసుము, పన్నులు, సేవకుల కిచ్చు బహుమానపు సొమ్ము, పానీయములు, ఇంటర్నెట్టు, ఒడ్డున తిరుగుటకగు ఖర్చు వరుసగా వ్రాయవలెను. జెంటింగ్ డ్రీమ్ వరుసలో విమానపు టిక్కెట్లు, వీసాలు, సింగపూరులో బస చేర్చవలెను. ఎంప్రెస్ వరుసలో రేవువరకు రైలు ఖర్చు చేర్చవలెను. మొత్తమును మనుష్యులతోను, రాత్రులతోను భాగించినచో తలకు ఒక రాత్రికి ఎంత పడునో తేలును. అదియే నిజమైన వెల. ప్రకటనలో పెద్ద అక్షరములతో నున్నది కాదు. రెండు ఓడలలోను జూదశాలలు గలవు. ఆ ఖర్చునకు మాత్రము మన పుస్తకములో వరుస గీయనక్కరలేదు!

యాత్ర మానుకొన్నచో సొమ్ములో ఎంత తిరిగివచ్చునో వ్రాతమూలకముగా తెలిసికొనిన పిమ్మటనే డబ్బు చెల్లింపవలెను. ముసలివారున్న ఇంట ఏ దినమేమి వచ్చునో ఎవరు చెప్పగలరు?

పత్రములు, ఆరోగ్యము, రక్షణ

దేశములోని రేవుల నడుమ తిరుగు ఎంప్రెస్ యాత్రలకు పాస్‌పోర్టు అక్కరలేదు. ఆధారు వంటి గుర్తింపు పత్రము చాలును. సింగపూరునకు పాస్‌పోర్టు, వీసా రెండును కావలెను. ఓడ వేరొక దేశమునకు పోయి మరల సింగపూరునకే వచ్చును గనుక, వీసా ఒకసారి ప్రవేశమునకు మాత్రమేనా యని చూచుకొనవలెను. చాల కంపెనీలు 24 వారములు దాటిన గర్భిణులను, ఆరు నెలలు నిండని శిశువులను ఎక్కనీయవు. ఓడలో వైద్యుడుండును గాని ఆయన రుసుము వేరు. మన దేశపు ఆరోగ్యభీమా విదేశమున సాధారణముగా చెల్లదు గనుక ప్రయాణభీమా తీసికొనవలెను.

ఎక్కిన పిమ్మట అపాయ సమయమున ఎచ్చట చేరవలెనో చూపెడి శిక్షణ యొకటి జరుగును. 2012 జనవరిలో ఇటలీ తీరమున కోస్టా కాంకోర్డియా నౌక రాతికి తగిలి 32 మంది మరణించిరి. ఆ రాత్రి అనేకులకు ఆ శిక్షణ ఇంకను జరిగియుండలేదు. 2015 మొదలు, ఓడ బయలుదేరుటకు ముందుగానో, బయలుదేరిన వెంటనేయో అది జరుగవలెనని అంతర్జాతీయ నిబంధన యేర్పడినది. పిల్లల నెత్తుకొని విసుగు లేక ఆ కొద్ది నిమిషములు శ్రద్ధగా వినుడు.

ఏది మేలు?

పాస్‌పోర్టు లేని వృద్ధులు వెంట నుండి, సముద్రము తమకు సరిపడునో లేదో మొదటిసారి తెలిసికొనగోరువారికి ఎంప్రెస్ చాలును. దానిలో వైభవము తక్కువైనను చిక్కులు తక్కువ. ఎదిగిన పిల్లలు గలిగి, ఎట్లును సింగపూరు చూడదలచినవారికి జెంటింగ్ డ్రీమ్ తగును. ఏ నెలలో ఏ రేవునుండి బయలుదేరునో ఏటేట మారుచుండును గనుక, ఆ వివరములు కంపెనీ కార్యాలయమున విచారించి నిశ్చయించుకొనవలెను.

కడపటిమాట. మన ఇండ్లలో ఓడ నెన్నుకొనునది పురుషులు, పిల్లలు. వారు చూచునది బొమ్మలు. రాత్రి ఎవరు ఎచ్చట పండుకొందురు, అమ్మమ్మ ఎంత దూరము నడువగలదు, చిన్నవాడేమి తినును అన్నవి తెలిసినది గృహిణికే. కావున డబ్బు చెల్లింపకమునుపు ఆమెను అడుగవలెను. అడుగకున్నచో ఆమెయే అడిగించుకొనవలెను. ఇంట ఎన్నడును కూర్చుండని మనిషి ఏ యోడలో రెండు దినములు కూర్చుండగలదో, ఆ కుటుంబమునకు ఆ యోడయే మంచిది.