శవాల లెక్క, నేరాల లెక్క

1984 నవంబరు మొదటి మూడు రోజులలో ఈ రాజధాని వీధుల్లో సిక్కులను వెదకి వెదకి చంపారు. మృతులెందరో తేల్చడానికే ప్రభుత్వానికి మూడేళ్లు పట్టింది. 1987లో ఆహూజా కమిటీ ఢిల్లీ వరకు ఇచ్చిన సంఖ్య 2,733. శవాల లెక్క అట్లా తేలింది. చంపినవారి లెక్క నేటికీ తేలలేదు.

సాక్ష్యం లేకపోవడమే దీనికి కారణమనడం సత్యదూరం. పౌరహక్కుల సంఘాలైన పి.యు.డి.ఆర్., పి.యు.సి.ఎల్. అదే నెలలో బాధితులను విచారించి ‘దోషులెవరు?’ అన్న నివేదికను వెలువరించాయి. ఏ అధికారమూ లేని పౌరులు చేయగలిగిన పనిని సకల సాధన సంపత్తి గల ప్రభుత్వ యంత్రాంగం చేయలేదు. పోలీసులు కాగితాలు వ్రాయకపోలేదు. వేర్వేరు చోట్ల జరిగిన హత్యలను ఒకే ప్రథమ సమాచార నివేదికలో గుదిగుచ్చారు. ఎవరిని, ఎక్కడ, ఎవరు చంపారో విడదీసి చెప్పని కాగితం న్యాయస్థానంలో చిత్తుకాగితంతో సమానం. తర్వాత వచ్చిన రంగనాథ్ మిశ్రా కమిషన్ విచారణ రహస్యంగా సాగింది. పత్రికలకు ప్రవేశం లేకపోయింది.

రాజ్‌నగర్‌లో ఐదుగురి హత్య కేసులో మాజీ ఎం.పి. సజ్జన్ కుమార్‌ను క్రింది కోర్టు 2013లో నిర్దోషిగా విడిచిపెట్టింది. 2018 డిసెంబరు 17న ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి యావజ్జీవ శిక్ష విధించింది. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆ శిక్ష సాధ్యమైనది సాక్షుల ధైర్యం వల్లనే. మానవాళిపై నేరాలు గాని, జాతిసంహారం గాని మన నేరచట్టంలో లేవనీ, ఈ లోటును వెంటనే పూరించాలనీ న్యాయమూర్తులు ఆ తీర్పులోనే చెప్పారు.

జాతిసంహార నిరోధక ఒడంబడికను మన దేశం 1959లోనే ధ్రువీకరించింది. తగిన చట్టం చేస్తామని దాని ఐదవ అధికరణం క్రింద మాట ఇచ్చింది. 2024 జులైలో పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఆ మాట అందులోనూ నెరవేరలేదు.

హత్యకు చట్టం ఉండగా మరొకటెందుకని అడిగేవారున్నారు. హత్యా చట్టం ఒక శవాన్నీ, ఒక ఆయుధాన్నీ చూస్తుంది. ఇండ్లు గుర్తించి చూపినవారు, కిరోసిన్ సమకూర్చినవారు, మొర విని కూడా కదలని ఠాణా అధికారి, విడివిడిగా చూస్తే చిన్న నేరస్థులే. అందరినీ కలిపి చూసినప్పుడే ఊచకోత స్వరూపం తెలుస్తుంది. కుట్ర, ప్రేరేపణ సెక్షన్లు ఉన్నమాట నిజమే. కాని ప్రతి కేసులోను వాటిని మొదటి నుండి రుజువు చేయవలసిన భారం బాధితుల నెత్తినే పడుతున్నది.

చట్టం ఒక్కటే చాలదని కూడా నా అభిప్రాయం. ఇట్టి ఘోరం జరిగిన చోట సాక్ష్యసేకరణను స్థానిక పోలీసుల చేతిలో ఉంచరాదు. ప్రతి మరణానికీ వేరుగా కేసు నమోదు కావాలి. సాక్షుల వాఙ్మూలాలను మేజిస్ట్రేటు వెంటనే తీసుకోవాలి. కంట్రోలు రూము రికార్డులు కోర్టు స్వాధీనంలో ఉండాలి.

మానవాళిపై నేరాల నిరోధానికి కొత్త ఒడంబడిక కోసం 2028, 2029లలో సమావేశాలు జరపాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2024 డిసెంబరులో నిర్ణయించింది. అక్కడికి మన ప్రతినిధులు వట్టి చేతులతో వెళ్లరాదు. ఈ లోపుననే పార్లమెంటు చట్టం చేయాలి. తిలక్ విహార్ వితంతువుల కాలనీలో 1984 నాటి సాక్షులు ఏటేటా తరిగిపోతున్నారు. వారికి ఆలస్యమైన న్యాయం రేపటి బాధితులకైనా సకాలంలో అందాలి.