ఇంచు నీళ్లకు పది హెచ్‌పీ మోటరు ఎందుకు? ఓటీటీ ప్లాన్ల మీద నా మాట



ఇవాళ పురుగు మందుల గురించో, మార్కెట్ రేటు గురించో కాదు. మన ఇళ్లలో టీవీకి పెట్టించుకుంటున్న ఓటీటీల గురించి రాస్తున్నాను. ఇదేం రైతు సంగతి అని తోసెయ్యకండి. నెలనెలా మన ఖాతాలోంచి చప్పుడు లేకుండా పోయే డబ్బు ఇది. నా విషయంలో డబ్బుతో పాటు మా బావతో మాటలు కూడా పోయాయి.

జరిగింది చెప్తాను. సంక్రాంతికి పిల్లలొచ్చారని ఓటీటీ పెట్టించా. ఏ కంపెనీ అనేది వదిలేయండి, తప్పు వాళ్లది కాదు, నాదే. మూడు నాలుగు ప్లాన్లు కనబడ్డాయి. కట్టేదేదో పెద్దదే కడదాం, బొమ్మ బాగా వస్తుంది కదా అని అన్నిటికన్నా పై ప్లాన్ కట్టేశా. నాలుగు చోట్ల చూడొచ్చు, 4కే బొమ్మ అని ఉంది. మా టీవీ ఏమో 32 అంగుళాలది. పగలు బాగానే ఉండేది. సాయంత్రం ఊళ్లో అందరూ కేబుల్ నెట్ వాడే వేళకు బొమ్మ మసకేసేది, గుండ్రంగా తిరుగుతూ ఉండేది. ఇంత డబ్బు కట్టినా ఇంతేనా అని తిట్టుకునేవాణ్ణి.

తర్వాత పట్నంలో చదువుకునే మా పిల్లాడు విడమరిచి చెప్పాడు. టీవీలో కనబడే బొమ్మ మూడింటి మీద ఆధారపడుతుంది: ప్లాన్, టీవీ, నెట్. మూడింటిలో ఏది తక్కువైతే బొమ్మ దాని స్థాయిలోనే ఉంటుంది. బోరులో ఇంచు నీళ్లుంటే పది హెచ్‌పీ మోటరు దించినా వచ్చేది ఇంచే కదా. కరెంటు బిల్లు మాత్రం పది హెచ్‌పీకి వస్తుంది. నేను చేసింది సరిగ్గా అదే.

లెక్క చూడండి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో మన దేశంలో ధరలు తగ్గించి నాలుగు ప్లాన్లు పెట్టింది. మొబైల్ 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649, అన్నీ నెలకు. మొబైల్ ప్లాన్ ఫోను, ట్యాబ్ వరకే, బొమ్మ 480పి. బేసిక్ టీవీలో కూడా వస్తుంది, 720పి, ఒక్కచోటే. స్టాండర్డ్ 1080పి, ఒకేసారి రెండు చోట్ల. ప్రీమియం 4కే, నాలుగు చోట్ల. కట్టే ముందు ఇవాళ్టి ధర ఎంతో యాప్‌లో మరోసారి చూసుకోండి.

ఇప్పుడు మీ టీవీ డబ్బా వెనక చూడండి. మన ఊళ్లలో ఎక్కువగా ఉండే 32 అంగుళాల టీవీల మీద ‘హెచ్‌డి రెడీ’ అని రాసి ఉంటుంది. అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. 720పి అంటే 1280, 720. ఆ టీవీకి 720పి దాదాపు సరిపోయినట్టే. 4కే అంటే 3840, 2160. అంత బొమ్మ ఆ టీవీకి పంపినా అది తన చుక్కల వరకే చూపిస్తుంది, మిగిలింది వృథా.

నెట్ సంగతి కూడా అంతే. 720పికి 3 ఎంబీపీఎస్, 1080పికి 5, 4కేకి 15 నిలకడగా రావాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. సాయంత్రం వేళ మన కేబుల్ నెట్ 15 అందుకోలేకపోతే, 4కే టీవీ ఉన్నవాడికి కూడా ఆ పై ప్లాన్ దండగే.

ఫోన్ డేటాతో చూసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హెచ్‌డి బొమ్మ గంటకు 3 జీబీ దాకా తాగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అరగంటకే అయిపోవచ్చు. రెండున్నర గంటల సినిమాకు ఏడు జీబీ పైమాటే. సెట్టింగుల్లో డేటా వాడకం ‘లో’ అని పెట్టుకుంటే గంటకు 0.3 జీబీతో సరిపోతుంది, సినిమా మొత్తానికి ముప్పావు జీబీ. చిన్న ఫోన్‌లో ఆ బొమ్మ సరిపోతుంది.

649కి, 199కి నెలకు తేడా 450. ఏడాదికి 5400. డీఏపీ బస్తా 1350 చొప్పున నాలుగు బస్తాలు! మనకు కనబడని బొమ్మ కోసం నాలుగు బస్తాల డీఏపీ కాలవలో పోసినట్టు.

ఇక బావ సంగతి. నాలుగు చోట్ల చూడొచ్చు, మేం చూసేది ఒక్కచోటే కదా అని పాస్‌వర్డ్ బావకిచ్చా. బావ వాళ్లబ్బాయికిచ్చాడు. ఆ అబ్బాయి స్నేహితుడికిచ్చాడు. పక్కింటివాళ్లు అడిగితే కాదనలేక నేనే ఇచ్చా. ఒకరోజు రాత్రి మిరప తోటకు నీళ్లు కట్టి, తొమ్మిదింటికి అన్నం తిని టీవీ ముందు కూర్చున్నా. ఇప్పటికే నాలుగు చోట్ల చూస్తున్నారు, మీకు ఖాళీ లేదని వచ్చింది. డబ్బు కట్టేది నేను, ఖాళీ లేనిది నాకే. కోపంలో బావకు ఫోన్ చేసి, ‘మీవాణ్ణి కాస్త ఆపమను బావా’ అన్నా. ‘నీ పాస్‌వర్డ్ నువ్వే దాచుకో బావా, మా ఇంట్లో ఎవరూ ఇక ముట్టుకోరు’ అని పెట్టేశాడు. రెండు నెలలు మాటల్లేవు. చెల్లెలు మధ్యలో నలిగిపోయింది. చివరికి ఉగాదికి నేనే వెళ్లి కలిశా.

గట్టు తగాదాలకు విడిపోయిన అన్నదమ్ముల్ని చూశాను. పాస్‌వర్డ్ కోసం విడిపోవడం మాత్రం సిగ్గుచేటు. నేర్చుకున్నదేంటంటే, ఇచ్చేటప్పుడే ఎవరికిస్తున్నామో, ఎన్నాళ్లకో నోరు తెరిచి చెప్పుకోవాలి. లేదంటే ఇవ్వకూడదు.

కంపెనీలు కూడా ఇప్పుడు ఊరుకోవడం లేదు. నెట్‌ఫ్లిక్స్ 2023 జులైలో మన దేశంలో చెప్పేసింది: ఒక ఖాతా ఒక ఇంటికే. ఇల్లంటే వాళ్ల లెక్కలో ఒకచోట ఒకే నెట్‌కు తగిలించిన టీవీలు, ఫోన్లు. మన లెక్క వేరు. పిల్లాడు హైదరాబాదులో హాస్టల్లో ఉన్నా, ముసలాళ్లు ఊళ్లో ఉన్నా రేషన్ కార్డు ఒకటే, పొయ్యి ఒకటే అనుకుంటాం. కంపెనీ లెక్కలో అవి రెండిళ్లు.

ఇక్కడ నా అభిప్రాయం రెండు వైపులా ఉంది. పక్కింటివాళ్లకు, స్నేహితుడి స్నేహితుడికి ఇవ్వడం తప్పే. సినిమా తీసినవాడికీ కూలి గిట్టాలి. కాంటాలో రెండు కిలోలు నొక్కేస్తే మనకెంత మండుతుందో వాళ్లకూ అంతే. కానీ ఇదే కంపెనీ 2017లో, ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమే అని ట్విట్టర్‌లో రాసింది. మొదట అలవాటు చేసి, ఆ తర్వాత గేటు వేయడం ఏం న్యాయం? పైగా అమెరికాలో ఇంకో ఇంట్లో ఉన్న మనిషిని కొంత అదనంగా కట్టి చేర్చుకునే వీలు ఇచ్చింది. మన దేశంలో ఈ నియమం తెచ్చినప్పుడు ఆ వీలు ఇవ్వలేదు, ఇక్కడ ధరలు ముందే తగ్గించాం కదా అంది. ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల టీవీకి తక్కువ ధరలో ఒక చోటు ఇవ్వాలని మనం గట్టిగానే అడగాలి. పిల్లలు పట్నాలకు వెళ్లిపోయిన మన ఊళ్లలో ఇది ఇంటింటి సమస్య.

అది వచ్చేదాకా లెక్క మాత్రం తేలికే. ఊళ్లో ఒక బేసిక్, పట్నంలో ఒక బేసిక్ విడివిడిగా కడితే 398. రెండు చోట్ల చూసే స్టాండర్డ్ ఒక్కటే 499. విడిగా కట్టడమే చవక, ఎవరి టీవీకి వాళ్లే యజమానులు.

మిగతా యాప్‌ల దగ్గర కూడా ధర ఒక్కటే చూడకండి. జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు 299 రూపాయలకే రెండు రకాలు పెట్టింది. ఒకటి మూడు నెలలకు, రెండు చోట్ల, ప్రకటనలతో. ఇంకోటి ఒక్క నెలకే, నాలుగు చోట్ల. అంకె ఒక్కటే, సరుకు వేరు. ప్రైమ్ వీడియో 2025 జూన్ నుంచి ప్రకటనలు వేస్తోంది, అవి వద్దంటే నెలకు 129 అదనం. బస్తా మీద రేటు చూసి, లోపల ఎన్ని కిలోలో చూడకుండా కొంటామా?

చివరగా నేను ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. పై ప్లాన్ తీసేసి టీవీకి తగ్గదానికి దిగా. పాస్‌వర్డ్ మార్చి, అన్ని చోట్లా ఒకేసారి లాగౌట్ చేయించా. బావకు ముందే ఫోన్ చేసి చెప్పా, ఈసారి నవ్వాడు. మిరప కోతలు, కల్లం పని మొదలైతే టీవీ చూసే తీరిక ఎవరికీ ఉండదు, ఆ నెలలకు ఆపేస్తా. యూపీఐ ఆటోపే పెట్టి మర్చిపోతే మాత్రం అది ఆగదు, మనమే ఆపాలి.

ఈ రాత్రి ఒక్క పని చేయండి. టీవీ వెనక ఏం రాసుందో చూడండి, ఫోన్‌లో ఆటోపేలు ఎన్ని ఉన్నాయో చూడండి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఎంత కాలవలో పోస్తున్నారో మీకే తెలుస్తుంది.

ఉంటాను మరి. వానలు బాగా పడాలి, అందరి పంటా బాగుండాలి.