తేనెటీగ లేకున్నా వరి పండుతుంది.. మరి బీరకాయ?

తేనెటీగలు అంతరిస్తే మనిషి నాలుగేళ్లకు మించి బతకడని ఐన్‌స్టీన్ అన్నాడంటూ ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. ఆయన ఆ మాట అన్నట్టు ఆధారం లేదు. వరి, గోధుమ, మొక్కజొన్న గింజ కట్టడానికి తేనెటీగతో పని లేదు. అది పోతే అన్నం ఆగదు. తగ్గేది పక్కన పెట్టుకునే కూర, పండు.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలో అసలు చిక్కు ఇదే. ఇక్కడ ఎక్కువగా డబ్బు తెచ్చేవి వరి, చేపల చెరువు, ఆయిల్ పామ్. వరి తనంతట తానే గింజ కడుతుంది. చెరువుకు పువ్వే లేదు. ఆయిల్ పామ్‌కు పుప్పొడి మోసేది 1985లో బయటి నుంచి మన దేశానికి తెచ్చిన చిన్న ముక్కుపురుగు. తేనెపట్టులన్నీ ఖాళీ అయినా ఈ మూడింటి రాబడి తగ్గదు. అందుకే తేనెటీగ తగ్గడం ఎవరికీ వార్తగా కనిపించదు.

దెబ్బ తగిలేది వేరే చోట. దోస, బీర, సొర, కాకర, గుమ్మడిలో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పురుగులే మోయాలి. అది చాలకపోతే పిందె రాలిపోతుంది, లేదంటే కాయ వంకర తిరుగుతుంది. నష్టపోయేది పెరట్లో రెండు పాదులు పెట్టుకున్న ఇల్లాలు, అర ఎకరం కౌలుకు తీసుకుని కూరగాయలు వేసే చిన్న రైతు.

కారణం ఒక్కటే అని చెప్పలేం. మొదటిది మేత. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో అక్రమ చెరువుల గట్లు తెంచారు. అయినా చేపల చెరువుల ఒత్తిడి పోలేదు. తామర, కలువ, గడ్డిపూలు ఉన్న చోట చెరువు తవ్వితే ఈగకు మేత పోయినట్టే. మెట్టలోనూ రకరకాల పంటల స్థానంలో ఒకే రకం తోట వస్తే అంతే.

రెండోది మందు. వరిలో దోమపోటుకు వాడే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి తేనెటీగకు విషం. మోతాదు తక్కువైతే చావకపోయినా గూటికి దారి తప్పుతుంది. యూరప్ 2018లో ఈ రకం మందులు మూడింటిని ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. వరి పొద్దుటి పూట పూస్తుంది, ఆ పుప్పొడి కోసం ఈగలు వస్తాయి. స్ప్రే కూడా అప్పుడే జరిగితే నేరుగా వాటి మీదే పడుతుంది.

మూడోది జబ్బు. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో పెట్టెల్లో పెంచే నాటు తేనెటీగలను దాదాపు తుడిచిపెట్టింది. వాటి స్థానంలో ఇటాలియన్ ఈగ వచ్చింది.

ప్రపంచంలో తేనెపెట్టెల సంఖ్య పెరుగుతోంది కదా అనే వాదన ఉంది. అది నిజమే. తేనెటీగల పెంపకానికి కేంద్రం కూడా 2020లో రూ.500 కోట్లు ప్రకటించింది. కానీ పెట్టె ఈగను లారీలో మేత ఉన్న చోటికి మార్చుకోవచ్చు. చెట్టుకు, వాటర్ ట్యాంకు కింద పట్టు పెట్టే పెద్ద తేనెటీగను, పొదల్లో ఉండే చిన్న తేనెటీగను అలా మార్చలేం. ఊళ్లో కూరపాదుల దగ్గరకు ఇవీ వస్తాయి.

ముస్లిం కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. ఖుర్ఆన్‌లో 16వ సూరా పేరే అన్-నహ్ల్, అంటే తేనెటీగ. దాని గూడు గురించి, తేనెలోని స్వస్థత గురించి 68, 69 ఆయత్‌లు చెబుతాయి. తేనెటీగను చంపవద్దని ప్రవక్త (స) వారించినట్టు ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. అయినా మేడ మీదో, మస్జిద్ మినార్ మీదో పట్టు కనిపిస్తే వెంటనే కాగడా వెతకడం మామూలైపోయింది.

చేయగలిగినవి పెద్ద ఖర్చు లేనివే. జనం తిరిగే చోట పట్టు ఉంటే తగలబెట్టకుండా, తెలిసినవాళ్లను పిలిచి తీయించవచ్చు. మందు కొట్టక తప్పకపోతే సాయంత్రం, ఈగలు గూటికి చేరాక కొట్టాలి. పూత మీదున్న పంటకు కొట్టకూడదు. ఖబ్రస్తాన్‌లో, మస్జిద్ ఆవరణలో వేప, కానుగ, చింత, మునగ నాటితే ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒకటి పూస్తూ ఉంటుంది. సలహా చెప్పేవాళ్లూ దూరంలో లేరు. తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరు దగ్గరి విజయరాయి వ్యవసాయ పరిశోధన స్థానంలో తేనెటీగలపై పరిశోధనలు జరిగాయి. వరి, చేప, పామాయిల్ రైతులు తేనెటీగ గురించి వాళ్లను అడగాల్సిన అవసరం రాదు. అడగాల్సింది కూరగాయలు పండించేవాళ్లు, వాటిని కొని తినేవాళ్లు.