ఇంటికొచ్చే సేవకు లెక్క అడిగేదెవరు?

పొన్నేరి నుంచి జిల్లా కేంద్రం తిరువళ్లూరుకు రైల్లో వెళ్లాలంటే ముందు చెన్నై చేరాలి. పొన్నేరి ఉన్నది గుమ్మిడిపూండి మార్గంలో, తిరువళ్లూరు ఉన్నది అరక్కోణం మార్గంలో. మెడ నిలవని బిడ్డను చంకనేసుకుని రైళ్లు మారే తల్లికి జిల్లా ఆసుపత్రి కన్నా స్టాన్లీ, ఎగ్మూరు పిల్లల ఆసుపత్రే నయం. అక్కడికైనా ఎన్నిసార్లని తిరుగుతుంది? ఫిజియోథెరపీ ఒక్క రోజుతో తేలేది కాదు, ఏళ్ల తరబడి సాగాలి. పులికాట్ జాలరి ఇంట్లోనో, మీంజూరు కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లోనో ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. అందుకే సేవే ఇంటికి రావాలన్న వాదనలో న్యాయం ఉంది. కాగితం మీద ఆ వాదన గెలిచింది కూడా. ఇక అడగాల్సింది తర్వాతి ప్రశ్న. ఇంటికొచ్చిన సేవ సరైనదో కాదో, బిడ్డకు క్షేమమో కాదో చూసేదెవరు?

పథకాలకు కొదవ లేదు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యమున్న పిల్లలు ఇంట్లోనే చదువుకునే హక్కునిచ్చింది. సమగ్ర శిక్షా కింద ప్రత్యేక ఉపాధ్యాయులు, ఫిజియోథెరపిస్టులు అలాంటి ఇళ్లకు వెళ్తున్నారు. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజల దగ్గరికే వైద్యం) పథకం ప్రధానంగా పెద్దల బీపీ, షుగర్ల కోసం పెట్టినదైనా, ఇంటి దగ్గర ఫిజియోథెరపీ, ఉపశమన చికిత్స కూడా అందులో ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు 2022లో ఆమోదించిన తమిళనాడు రైట్స్ ప్రాజెక్టు కూడా, ఎక్కువ ఆసరా కావాల్సిన వికలాంగులకు ఇంటి సేవ అందిస్తామంటోంది.

వీటి విజయాన్ని మాత్రం తలల లెక్కతో కొలుస్తున్నారు. ఇన్ని ఇళ్లకు వెళ్లాం, ఇంతమందికి అందించాం అన్నవే ప్రకటనలు. దేశంలో ఇంటి సేవకు దారి చూపిన ప్రయోగం నేర్పింది వేరే పాఠం. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊరి మహిళలకే శిక్షణనిచ్చి నవజాత శిశువులను ఇంట్లోనే చూసే పద్ధతి తెచ్చారు. మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. పర్యవేక్షించే వైద్యుడు పదిహేను రోజులకోసారి ఊరికొచ్చి, రాసిన రికార్డు సరిచూసి, తప్పుంటే దిద్దడం అక్కడ పద్ధతిలో భాగం. అదే ఆలోచన 2011లో జాతీయ కార్యక్రమమైంది. పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త వెళ్లాలని, అన్నీ పూర్తిచేస్తే 250 రూపాయలని నిర్ణయించారు. రోజులకు లెక్క కుదిరింది, డబ్బుకూ లెక్క కుదిరింది. వెనకాల వచ్చి దిద్దే మనిషి మాత్రం చాలాచోట్ల లేకుండా పోయాడు.

ఆ లోటు వికలాంగ పిల్లల విషయంలో మరీ ప్రమాదం. ఆసుపత్రిలో ఒకరు పొరపడితే పక్కన మరో నర్సు ఉంటుంది, పై వైద్యుడుంటాడు, వార్డులో పది మంది చూస్తుంటారు. ఇంట్లో అలా చూసేవారుండరు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను పడుకోబెట్టి తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కులోంచి వేసిన గొట్టం జారిందో లేదో చూడకుండా ఆహారం పోసినా అంతే. ఏళ్లుగా నడవని పిల్లల ఎముకలు పెళుసుబారతాయి, బిగిసిన కాలిని బలవంతంగా సాగదీస్తే విరుగుతాయి. మూర్ఛ మందు మోతాదు మారిన సంగతి ఇంటికొచ్చే మనిషికి తెలియకపోవచ్చు. ఇవేవీ దుర్మార్గం వల్ల జరిగేవి కావు, దిద్దేవారు లేక జరిగేవి.

దుర్మార్గానికీ అక్కడ చోటుంది. మాట రాని బిడ్డ ఫిర్యాదు చేయలేదు. బిడ్డ వైకల్యాన్ని అలుసుగా తీసుకుని చేసే లైంగిక దాడిని 2012 నాటి పోక్సో చట్టం మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. అయితే నేరం జరిగాక పనిచేసే చట్టమది. గుమ్మంలోకి రాకముందే మనిషి ఎవరో తేల్చుకునే ఏర్పాటు విడిగా ఉండాలి.

ప్రైవేటు రంగంలో ఆ ఏర్పాటు చాలాచోట్ల కనిపించదు. చెన్నై నర్సింగ్ బ్యూరోకు ఫోన్ చేస్తే పన్నెండు గంటల డ్యూటీకో, ఇరవై నాలుగు గంటల డ్యూటీకో మనిషి వస్తుంది. ఆమె చదివింది నర్సింగా, ఆరు నెలల కోర్సా, అసలేమీ లేదా అన్నది బ్యూరో చెప్పిందే వేదం. ఇంగ్లండులో ఇంటికెళ్లి వ్యక్తిగత సేవలందించే సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్ దగ్గర నమోదు కావాలి. సేవ క్షేమమేనా, ఫలితం ఉందా, ఆదరంగా ఉందా, అవసరానికి తగినట్టుందా, నిర్వహణ బాగుందా అని అయిదు ప్రశ్నలతో తనిఖీ చేసి, నివేదికను అందరికీ కనిపించేలా పెడతారు. అక్కడా లోపాలున్నాయి. అయినా తల్లి చదువుకోవడానికి ఒక నివేదికైనా ఉంది.

డబ్బు పెంచితే ఇదంతా సర్దుకుంటుందనేవారు సరిహద్దు అటూ ఇటూ చూడాలి. తమిళనాడులో తీవ్ర వైకల్యానికి నెలకు 2,000 రూపాయల భృతి. ఆరంబాక్కం దాటి తడలో అడుగుపెడితే, పూర్తిగా మంచానికే పరిమితమైన వికలాంగులకు ఆంధ్రప్రదేశ్ 2024 నుంచి 15,000 ఇస్తోంది. పొన్నేరి తల్లి ఈ తేడా గురించి గట్టిగానే అడగాలి. కానీ 15,000తో పెట్టుకున్న మనిషికి పని వచ్చో రాదో తేల్చే యంత్రాంగం అక్కడా కనబడదు.

తనిఖీలు పెడితే అసలే తక్కువ జీతానికి పనిచేసేవారు బెదిరి మానేస్తారన్న అభ్యంతరం ఉంది. దాన్ని తోసిపుచ్చలేం. ప్రత్యేక ఉపాధ్యాయుల్లో చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులే. 2024-25లో కేంద్రానికీ రాష్ట్రానికీ వివాదం ముదిరి సమగ్ర శిక్షా నిధులు ఆగాయి. ఈ ఇంటి సేవకు డబ్బు రావాల్సిందీ ఆ పద్దు నుంచే. బిడ్డకు అలవాటైన మనిషి మారితే చికిత్స మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి జీతం, ఉద్యోగ భద్రత కూడా నాణ్యతలో భాగమే. పర్యవేక్షణ అంటే తప్పు పట్టుకుని సంజాయిషీ అడగడమే కానక్కర్లేదు. ఒంటరిగా పనిచేసే మనిషికి అనుమానం వస్తే అడగడానికి ఒక వైద్యుడుండటం కూడా పర్యవేక్షణే.

మీంజూరు, షోళవరం బ్లాకుల్లో దీన్ని మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. మొదటిది, ప్రతి ఇంట్లో ఒక పుస్తకం ఉండాలి. ఎవరొచ్చారు, ఏం చేశారు, వచ్చేసారి దాకా తల్లి ఏం చేయాలి అన్నవి అందులో రాయాలి. అది శాఖది కాదు, తల్లిది. రెండోది, పదిహేను రోజులకోసారి మరొకరు వచ్చి దాన్ని సరిచూడాలి. మూడోది, ప్రత్యేక ఉపాధ్యాయులకు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడిగే అలవాటు కుటుంబాలకు నేర్పాలి. బ్యూరో పంపేవారికి పోలీస్ వెరిఫికేషన్ లేకుండా గడప తొక్కనివ్వకూడదు. నాలుగోది, వ్యాయామం చెప్పేసి వెళ్లకుండా, తల్లి చేతో అమ్మమ్మ చేతో చేయించి చూడాలి. తమిళం చదివినా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు పొన్నేరి తాలూకాలో ఉన్నాయి. మాటలు నేర్పే చికిత్సయితే బిడ్డ రోజంతా వినే భాషలోనే జరగాలి. అయిదోది, ఫిర్యాదు తీసుకునేది సేవ పంపే శాఖే కాకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పుస్తకం అట్ట మీదే ఉండాలి.

వీటికయ్యే ఖర్చు ఇళ్లకు మనుషులను పంపే ఖర్చుతో పోలిస్తే కొంతే. అది పెట్టనంత కాలం, ఎన్ని ఇళ్లకు వెళ్లామన్న అంకె ఎంత పెరిగినా, ఏ బిడ్డకు మేలు జరిగిందో, ఏ బిడ్డకు కీడు జరిగిందో ప్రభుత్వానికే తెలియదు.