పత్రికల్లో సైకిలు – మనం తొక్కే సైకిలు

సైకిలు పత్రికలు తిరగేస్తే లక్షల ఖరీదు చేసే కార్బన్ ఫ్రేము మౌంటెన్ బైకులే కనిపిస్తాయి. కానీ ఆ ఆట పుట్టింది పాత సైకిళ్ల మీదే! 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు పాత ష్విన్ సైకిళ్లపై కొండ దిగుతూ పందెం కాశారు. కిందికి చేరేసరికి వెనుక బ్రేకులో గ్రీజు కాలిపోయేది, మళ్లీ నింపుకొనేవారు. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది.

మన దేశం సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిలుంది. వాటి పంక్చరు, చైను, బ్రేకు రబ్బర్ల గురించి రాసే పేజీ ఏది? కొత్త బైకుల గురించి రాయవద్దని మేము అనడం లేదు. ఖరీదైన బైకుల డిస్క్ బ్రేకు నేడు చవక సైకిళ్లకూ వచ్చింది కదా! అయితే తొక్కేవాళ్లను మరచి కొనేవాళ్లకే రాస్తే అది పత్రిక కాదు, ధరల పట్టిక.