మాంత్రికకథలు - మనవారి నిరసన

మాంత్రికుల కథలు చదివినచో పిల్లలు మూఢులగుదురని వాదించువారు మనలో నేటికిని గలరు. వీరిలో విద్యావంతులున్నారు, గ్రంథాలయములకు పుస్తకములెంచు బాధ్యత వహించినవారును ఉన్నారు. వీరి వాదమును మేము తేలికగా త్రోసివేయజాలము. చేతబడి నెపమున అమాయకులను కొట్టి చంపుట మన పల్లెలలో ఇంకను ఆగలేదు. అట్టిచోట మంత్రశక్తులను ముచ్చటగా వర్ణించు నవల ఎంతవరకు మేలను ప్రశ్న అడుగదగినదే. కాని పుస్తకమును చదివి అడుగవలెను. అట్టను చూచి గాదు.

దాసరి సుబ్రహ్మణ్యముగారి 'తోకచుక్క'నే తీసికొందము. ఇది 1954లో 'చందమామ' మాసపత్రికయందు ధారావాహికముగా ఆరంభమైనది. 1932లో జన్మించిన రచయిత అప్పటికి నూనూగు మీసముల యువకుడు. కుండలినీ ద్వీపమున ఆకాశమందు తోకచుక్క పొడచూపుటతో కథ మొదలగును. సమరసేనుడను సేనాని ఓడలెక్కి, ఎవ్వరు నెరుగని ద్వీపములకు బోయి, ఏకాక్షి, చతుర్నేత్రుడు అను ఇరువురు మాంత్రికుల పగ నడుమ చిక్కుకొనును. ఇచ్చట పాఠకులు గమనింపవలసినది ఒకటి గలదు. మంత్రమెరిగినవారు ధనమునకై, శక్తికై ఒకరినొకరు హతమార్పజూచుచుందురు. మంత్రమెరుగని సేనానికి గలవి ధైర్యము, సమయస్ఫూర్తి, తోడి సైనికుల బాగోగులపై చింత. చదువు బాలుడు ఎవని పక్షమున నిలుచును? ఏకాక్షి కావలెనని కోరిన పిల్లవానిని మేమింతవరకు చూడలేదు. రాత్రివేళ ఆ పేరు వినిన దుప్పటి ముసుగు దన్నువారిని మాత్రము చూచితిమి. ఆ భయము చేటుగాదు. మరునాడు ఉదయముననే తరువాతి ప్రకరణమునకై వాడే వెదకికొనును.

ఈ కథలు వెలువడిన కాలమున ఆ పత్రికా కార్యాలయమున సంపాదకత్వభారము వహించినవారు, 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు, కొడవటిగంటి కుటుంబరావుగారు. మూఢవిశ్వాసములపై వారంత నిశితముగా కలము నడిపిన తెలుగు రచయితలు అరుదు. అట్టివారి కన్నుదాటి ఇన్ని మాంత్రికకథలు వెలువడెననగా, వారికి దీనిలో విషము కనబడలేదనుట స్పష్టము.

పోనీ, ఇది మనకు క్రొత్త సరకా? పదునారవ శతాబ్దిలో పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను అద్భుతములతోనే అల్లినాడు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు (1868-1928) మణిసిద్ధుని, గోపబాలుని కాశీకి నడిపించి, మజిలీకొక కథ చెప్పించి, పండ్రెండు భాగములు నింపిరి. 1951 నాటి 'పాతాళభైరవి' చలనచిత్రమునకు మూలకందము ఆ సంపుటములలోనిదే. ఆంగ్లదేశమున 1997లో పుట్టిన బాలమాంత్రికుని గ్రంథములను వందలకొలది రూపాయలు పోసి కొను పట్టణవాసులే, ఇంటిలోని మాంత్రికుని మాత్రము మూఢత్వమని త్రోసివేయుచున్నారు. పరాయికథను చదువవలదని మేమనము. చదువుడు. కాని ఒకే నేరమునకు రెండు శిక్షాస్మృతులా?

మఱియొక మాట చెప్పకున్న ఈ వ్యాసము అసంపూర్ణమగును. 1954 మొదలు 1978 వరకు 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గము' మున్నగు నవలలు ఒకదాని వెంట నొకటి అచ్చయినవి. ఏ ఒక్కదానిపైనను కర్తపేరు లేదు. పత్రిక ఆచారమది. చిత్రకారుని సంతకము మాత్రము బొమ్మల మూల కనబడెడిది. ఏకాక్షిని తలచుకొని పెరిగిన లక్షలమంది, నడివయసు వచ్చువరకు ఆ కథకుని పేరెరుగరు. 2010లో సుబ్రహ్మణ్యముగారు గతించిరి. పత్రికయు తరువాత నిలిచిపోయినది. మనదేశమున గాయకునికి సభ, కవికి శాలువ కలవు. పిల్లలకు కథచెప్పిన వానికి పేరు కూడ లేకపోయినది.

ఆ నవలలు ఇప్పుడు పుస్తకరూపమున వెలువడినవి. పఠనమందిరముల కార్యదర్శులు వానిని తెప్పించి బాలుర బల్లపై నుంచవలెను. పట్టికలో ఎక్కించునపుడు నవలపేరునకు ముందుగా రచయితపేరు వ్రాయింపుడు.