ఎఱ్ఱ టోపీయు, ఊరి చివరి గుడియు

2022వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన రోమాపురియందు పోపు ఫ్రాన్సిసుగారు పూల ఆంతోనిగారికి కార్డినలు పదవి నొసగిరి. నంద్యాల ప్రాంతపు పోలూరున 1961లో జనించి, 2008 మొదలు 2020 వఱకు కర్నూలు మేత్రాసనమునకు పీఠాధిపతిగా నుండి, పిమ్మట హైదరాబాదు అగ్రపీఠమునకు నియుక్తులైన వీరు ఆ పదవి నందిన తెలుగువారిలో ప్రథములు. భారతదేశపు దళితులలోను ప్రథములే. 2025 మే నెలలో పదునాలుగవ లియో పోపుగారి నెన్నుకొనిన సభయందు వీరును కూర్చుండిరి. రాయలసీమ పల్లెటూరి బిడ్డ యొకడు నూటనలువది కోట్ల కతోలికుల గురుపీఠమున కధిపతి నెన్నుకొను వారిలో నొకడగుట, ఏ మతమువారమైనను మన మానందింపదగిన విషయము. మేము నానందించితిమి. అయినను ఆ యానందము వెంబడి యొక ప్రశ్న వచ్చుచున్నది. దానిని దాచిపెట్టుట పత్రికాధర్మము కాదు.

శ్రీశైల జలాశయపు వెనుకనీటి చెంతనున్న పగిడ్యాల మండలము మొదలు ఆళ్లగడ్డ వఱకు గల పల్లెలలో క్రైస్తవ దేవాలయము సాధారణముగా ఎచ్చట నుండును? ఊరి నడుమ గాదు, రచ్చకట్ట చెంతను గాదు. ఊరి చివర గేరిలో. అచ్చటికి పోవు కుటుంబములలో బిడ్డకు రెండు పేర్లుండుట అరుదు గాదు. జ్ఞానస్నానమునాడు గురువు పిలిచిన పేరొకటి, బడి రిజిస్టరులో వ్రాయించిన పేరొకటి. ఆదివారము దివ్యపూజకు పోయిన తండ్రియే సోమవారము తహశీలుదారు కచ్చేరికి పోయి, కుల ధ్రువపత్రముకొఱకు తాను హిందువునని చెప్పుకొనవలసి వచ్చుచున్నది. జనాభా లెక్కలలో నీ సంగతి యొక కొంత కనబడుచునే యున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1971లో నూటికి 4.19 మంది క్రైస్తవులుండగా, 2011 నాటికి 1.34 మందియే మిగిలిరి. ఈ నలువదేండ్లలో పల్లెలలోని గుళ్లు తఱిగినట్లు చూచినవారు లేరు. తఱిగినది విశ్వాసము గాదు; విశ్వాసమును బయటకు చెప్పుకొను ధైర్యము.

ఈ ధైర్యమును హరించినది చట్టము. దాని పుట్టుక నెఱుంగుట యవసరము. 1936లో ఆంగ్ల ప్రభుత్వము షెడ్యూల్డు కులముల పట్టికను ప్రకటించుచు, భారతీయ క్రైస్తవు డెవ్వడును ఆ కులములకు చెందినవాడుగా నెంచబడరాదని శాసించెను. 1950 ఆగస్టు 10వ తేదీన వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు ఆ పట్టికను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ తలుపు తెఱవబడినది. క్రైస్తవులకును, మహమ్మదీయులకును తెఱవబడలేదు. తెల్లవారిని సాగనంపితిమి గాని, తెల్లవాడు వ్రాసిన యీ వాక్యపు సారమును మాత్రము పదిలముగా దాచుకొంటిమి. మన రాష్ట్రమున దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున జేర్చి నూటికి ఒక్కటి చొప్పున ఉద్యోగములు కేటాయించిరి. 2007లో రంగనాథమిశ్రా సంఘము మతభేదమును తొలగింపుమని సిఫారసు చేసినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ యదే కోరుచు తీర్మానించినది. 2025లో మన ఉన్నత న్యాయస్థానము మాత్రము, క్రైస్తవమతము స్వీకరించినవాడు అత్యాచారముల నిరోధక చట్టపు రక్షణను కోరజాలడని చెప్పినది. ఉన్న చట్టమును బట్టి న్యాయమూర్తులు తీర్పు చెప్పుదురు. ఆ చట్టము ధర్మమా యను విచారణ ప్రజలది.

“సమత్వము గల మతమున జేరితివి గదా, ఇంక కులమెక్కడిది?” అని యడుగువారు గలరు. ఈ మాటకు పైకి తర్కబలము గలదు. కాని సిక్కు మతముగాని, బౌద్ధమతముగాని కులభేదమును బోధించినవి గావు. వారికి వర్తింపని తర్కము క్రైస్తవునికే యేల వర్తింపవలయును? అదియుగాక, గేరిని ఊరికి దూరముగ నుంచినది గురువుగారి జ్ఞానస్నానజలము గాదు. కూలిపిలుపునకు వచ్చిన రైతు, టీకొట్టువాడు, పెండ్లి సంబంధమును చూచువాడు, వీరెవ్వరును ఎదుటివాడు ఏ గుడికి పోవునో యడిగి తరువాత కులమును లెక్కించుట లేదు. దెబ్బ కులమును బట్టి పడుచుండగా, రక్షణము మతమును బట్టి యుండుట న్యాయము గాదు.

ఇంతవఱకు మాట ప్రభుత్వమును గూర్చినది. ఇక కతోలిక సభను గూర్చి యొక మాట చెప్పక తప్పదు. 1985లో సూసై యనునాతని వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, మతము మారిన పిమ్మటను ఆ నూతన మతమందు పూర్వపు కులబాధలు అంతే తీవ్రముగ నున్నవని నిరూపింపవలయునని చెప్పెను. అనగా సభ ఢిల్లీలో గెలువవలయునన్న, తన యింట కులమున్నదని తానే సాక్ష్యమీయవలయును. అదే సభ ఆదివారమునాడు క్రీస్తునందు భేదము లేదని బోధించును. ఈ రెండు మాటలను రెండు చోట్ల చెప్పుచు నెంతకాలము నెట్టుకొని రాగలరు?

ఈ వ్యాధి నిన్నటిది గాదు. పదునెనిమిదవ శతాబ్దియందు ఫ్రెంచి జెస్వీటు గురువులు సన్న్యాసివేషమున దెలుగుసీమకు వచ్చి, అనంతపుర ప్రాంతపు మద్దిగుబ్బ మొదలగు చోట్ల రెడ్డి కుటుంబములకు జ్ఞానస్నానమిచ్చిరి. ఆ కుటుంబములు కులాచారములను విడువకయే క్రైస్తవులైనవి. గురువులును విడువుమని పట్టుబట్టలేదు. 1876-78 సంవత్సరముల మహాక్షామము నాటినుండి మాల మాదిగ గూడెములు గుంపులుగా క్రైస్తవమున ప్రవేశించినవి. ఒకే గుడికి ముందొక వాకిట కొందఱును, తరువాత నింకొక వాకిట కొందఱును వచ్చిరి. నడుమ గోడ నెవ్వరును పడగొట్టలేదు. ఆ గోడ మాల మాదిగల నడుమనును గలదనుట యెఱిగినవారికి క్రొత్త సంగతి గాదు.

భారత కతోలిక పీఠాధిపతుల సభ 2016 డిసెంబరులో దళితాభ్యుదయ విధానమును ప్రకటించుచు, అంటరానితనము తమ సభలో నున్నదని యొప్పుకొనినది. దేశమందలి యొక కోటి తొంబది లక్షల కతోలికులలో కోటి యిరువది లక్షలమంది దళితులని వారి లెక్కయే చెప్పుచున్నది. ఒప్పుకొనుట ధైర్యమే. కాని ఢిల్లీలో ముద్రించిన యొప్పుకోలు విచారణ గురువుగారి బల్లమీదికి వచ్చినదా? సమాధుల దొడ్డి యందఱ కొక్కటియేనా? విచారణ సంఘమున లెక్కలు చూచువా రెవ్వరు? పట్టణములలో పేరుపొందిన కతోలిక పాఠశాలలలో గేరి బిడ్డకు చోటు, రుసుములో తగ్గింపు గలవా? వేర్వేరు కులముల కతోలిక బిడ్డలు పెండ్లాడ నిశ్చయించిన, పెద్దలకు బుద్ధిచెప్ప సాహసించు గురువు లెందఱు?

సభ మారజాలదని మే మనము. వేయేండ్లకు పైగా లాటినున జరిగిన పూజ, 1962 మొదలు 1965 వఱకు జరిగిన రెండవ వాటికను మహాసభ పిమ్మట తెలుగున వినబడుచున్నది. అంతటి ప్రాచీన భాషను పల్లెవానికొఱకు మార్చుకొనగలిగిన సభకు శ్మశానపు గోడను తీసివేయుట యసాధ్యమా?

కావున మేము కోరునవి రెండు. కేంద్ర ప్రభుత్వము 1950 నాటి యుత్తరువునందలి మతనిబంధనను తొలగించి, ఇప్పటి కులములవారి పాలు తగ్గకుండునట్లు పరిమితిని సవరింపవలయును. కతోలిక సభ ఢిల్లీ తీర్పుకొఱకు వేచియుండక, తన చేతిలోనున్న న్యాయమును తన విచారణలలో నేడే జరుపవలయును. రెండవది జరుగనంతవఱకు మొదటిదానిని గట్టిగా నడుగు నైతికబలము సభకు చాలదు. అయినను సభ లోపమును సాకుగా జూపి గేరివాని హక్కును ఆపు నధికారము ప్రభుత్వమునకును లేదు.

మా పాఠకులలో భూస్వాములును పట్టణవాసులును గలరు. ఇది వారి మతములోని తగవని వారు తప్పించుకొనరాదు. కులమును ఆ గుడిలోనికి బంపినది మన యూరే. మన పొలమున కోతకు వచ్చినవానిని కూర్చుండుమని పిలిచి, మన చెంబుతోనే నీరిచ్చిననాడు, ఏ న్యాయస్థానమును నిరూపణ మడుగ నవసరముండదు. పోలూరు బిడ్డ తలమీద పోపుగారు ఎఱ్ఱ టోపీ నుంచిరి. అట్టి బిడ్డ ఊరి నడివీధిలో తన నిజమైన పేరు చెప్పుకొని నడువగలుగుట మాత్రము రోమాపురి యీయగలిగినది గాదు, మన మీయవలసినది.